దొరకనివాటి జాబితా

మా లైబ్రరీ మేడ మీద గదిలో నేను చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. దూరమూ దగ్గరా కలిపి నలభై ఊళ్ల లైబ్రరీలు ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాయి. ఆ ఊళ్లలో వచ్చిన పాత పేపర్లు, ఫోటోలు, బడి సంచికలు స్కాన్ చేసి, ఒక్కోదాని కింద రెండు వాక్యాల వివరం రాసి అందులో ఎక్కించాలి. పేజీ పైన ఒక సెర్చ్ బాక్సు ఉంటుంది. అందులో ఏదైనా కొడితే నలభై ఊళ్లలో ఎక్కడున్నా తీసి చూపిస్తుంది. లేకపోతే "మీరు వెతికింది దొరకలేదు" అంటుంది. ఆ వాక్యం రాసింది నేనే. ముందు "క్షమించండి" అని పెట్టమన్నారు మా లైబ్రేరియన్ సారు. దొరక్కపోతే నా తప్పేముంది సార్ అని పెట్టలేదు.

జనం ఆ బాక్సులో కొట్టి, ఏమీ దొరకక వెనక్కి పోయిన మాటలన్నీ లోపల ఒక జాబితాగా పోగవుతాయి. సైటు నడిపేవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనపడదు. దాన్ని నడిపేది మా మేడ మీద గది నుంచే కాబట్టి, చదివేది లోకం మొత్తంలో నేనొక్కదాన్నే. ప్రతి సోమవారం పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదివేదాన్ని. ఒకప్పుడు జనం పొదుపుగా రెండు మాటలు కొట్టేవారు. పాత వంతెన. వరద ఫోటో. ఇప్పుడలా కాదు, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతారు. "నేను తిరిగిచ్చిన పుస్తకంలో నా కళ్లజోడు చీటీ ఉండిపోయింది కనపడిందా అండీ" అని ఒకరు. "మా తాతగారు మంచివారేనా" అని ఒకరు. ఆ రెండోదాన్ని చూసి చాలాసేపు నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు.

"జనం వెతకడం మానేశారమ్మా, అడగడం మొదలుపెట్టారు" అనేవారు సారు. "అడిగితే ఏదో ఒకటి చెప్పేవి చేతిలో ఉన్నాయి కదా మరి."

అది నా మీద విసురు. ఎందుకంటే వెతకడంలో నాకు కాస్త పొగరుంది. సైటులో అడ్వాన్స్‌డ్ సెర్చ్ అని వేరే పేజీ ఉండాలని పోట్లాడి పెట్టించింది నేనే. ఏ ఊరిదో, ఏ ఏడాదిదో, మేం సైటులోకి ఏ తేదీన చేర్చామో కూడా అందులో చూసుకోవచ్చు. చేర్చిన తేదీ అన్న గడిని ఏడాది మొత్తంలో మూడుసార్లు వాడారు. మూడుసార్లూ నేనే. సారు ఆ లెక్క చూసి "నీ ఒక్కదాని కోసం ఇంత వంట వండించావు" అని ఎగతాళి చేశారు.

ఎండాకాలం మొదలై, బళ్లకి సెలవులిచ్చిన మొదటి సోమవారం జాబితాలో పదిహేడో వరుసలో మా అక్క పేరు ఉంది.

ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు. దాని కింది వరుసలో అదే పేరు, ఒక్కో మాట ముందు ప్లస్ గుర్తుతో. రెండింటికీ ఎదురుగా ఫలితాలు సున్నా. టీ గ్లాసు చేతిలోనే ఉంది, కానీ తాగడం మర్చిపోయాను.

ఆ ప్లస్ గుర్తు సంగతి చెప్పాలి. ఫలానా మాట తప్పనిసరిగా ఉండాలంటే ఒకప్పుడు దాని ముందు ప్లస్ పెట్టేవాళ్లం. లోకం ఆ అలవాటు మర్చిపోయి పదేళ్లు దాటింది. మా బాక్సయితే దాన్ని లెక్కలోకే తీసుకోదు. ఇప్పటికీ పెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు, అతనికి నేర్పింది నేను. పదహారేళ్ల కిందట, ఆరు కంప్యూటర్లున్న ఒక సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఉన్నదున్నట్టు కావాలంటే కొటేషన్లు, తప్పనిసరైతే ప్లస్, వద్దనుకుంటే మైనస్, మాట మర్చిపోతే స్టార్ గుర్తు, దొరికింది నమ్మేముందు దాన్ని ఎప్పుడు పెట్టారో తేదీ చూడాలి. ఈ ఐదూ అట్ట మీద రాసి గోడకి వేలాడదీశాను. ఆ బ్యాచ్‌లో అందరికన్నా బాగా నేర్చుకున్నది ఆయనే. నాకు అన్నం డబ్బా తెచ్చివ్వడానికి వచ్చిన అక్కని చూసి ఇష్టపడి, నన్ను ఆమె పేరు కూడా అడగలేదు. కాలేజీ ఫలితాల పేజీలన్నీ గాలించి పట్టుకున్నాడట. ఆమెతో పెళ్లయ్యాక చెప్పి నవ్వాడు. ఇంట్లో అందరం నవ్వాం. నేనైతే గర్వంగా కూడా నవ్వాను.

నాలుగేళ్ల కిందట అక్క ఎడమ చేతికి కట్టుతో, కుడి చేత్తో పాపని పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. అంతకుముందు ఒకసారి పోలీసుల దగ్గరికి వెళ్తే, ఆయనతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆయన వెనకే ఇంటికి పంపేశారు. ఆయన అరిచే మనిషి కాదు. బెదిరించాల్సి వచ్చినా మెల్లగా ఒకటే అనేవాడట, "నాకు వెతకడం వచ్చు" అని. అందుకే ఆ వారమే నేను సెంటరు మానేశాను. ముగ్గురం ఎవరికీ చెప్పకుండా ఈ ఊరొచ్చాం. ఈ ఉద్యోగంలో నా పేరు సైటు మీద ఎక్కడా వేయవద్దని సారుని బతిమాలుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

మేముండేది ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదుల్లో. సెలవుల్లోనే అక్కకి పని ఎక్కువ. రెండు బళ్లవాళ్లు యూనిఫారాలు ఇస్తారు. నేను వెళ్లేసరికి కిటికీ పక్కన కుట్టు మిషను ఆగకుండా నడుస్తోంది. పదేళ్ల పాప నేల మీద బోర్లా పడుకుని నా పాత ఫోన్‌ని ప్రశ్నలతో చంపుతోంది. "చీమలు నిద్రపోతాయా?" ఫోన్ ఏదో చెప్పింది. "మరి కలలొస్తాయా?" దానికీ ఏదో చెప్పింది. ఈ పిల్ల పుట్టాక రెండు మాటలు పక్కపక్కన కొట్టి వెతకడం ఎన్నడూ ఎరగదు.

పాపని కిందకి పంపి చెప్పాను. "అక్కా, ఎవరో నీ పేరు వెతికారు."

మిషను ఆగింది. "ఎవరో ఏంటి? ఎవరు?"

"ప్లస్ గుర్తు పెట్టి వెతికారు."

ఆమెకి ఆ గొడవంతా తెలియదు. వివరంగా చెప్పాను. జాబితాలో ఒక్కో వరుస పక్కన చిన్న బాణం ఉంటుందని, నొక్కితే ఏ ఊరి నుంచి కొట్టారో చూపిస్తుందని, నొక్కి చూశానని, అది ఆయన ఊరేనని చెప్పాను. రైల్లో పన్నెండు గంటల దూరం. అక్క చెయ్యి గుడ్డ మీదే ఉంది. ఎడమ చెయ్యి. వాతావరణం మారినప్పుడల్లా ఇప్పటికీ సలుపుతుంది.

"దొరికానా మరి?"

"లేదు. సున్నా. అసలు నీ గురించి మేం ఏమీ పెట్టలేదుగా."

"నీ పెట్టె ఏం చెప్పింది ఆయనకి?"

"దొరకలేదని."

"అయితే అలాగే చెప్పనీ" అని మళ్లీ మిషను తొక్కింది. తలుపు వెనక మేకుకి నాలుగేళ్లుగా సర్ది పెట్టిన సంచీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. అక్క ఆ రోజు దాని వైపు చూడలేదు. నేనే చూశాను.

అప్పట్నుంచి సోమవారం దాకా ఆగలేకపోయాను. రోజూ తెరిచి చూసేదాన్ని, దొరికిన వెతుకులాటల జాబితాతో సహా. రెండో వారంలో ఇంకోటి వచ్చింది. టైలర్, బడి యూనిఫారాలు, ఒక్కోదాని ముందు ప్లస్. చివర్లో ఆయన సొంత ఊరి పేరు, ముందు మైనస్ గుర్తు. ఆ ఊరు తప్ప మిగతావన్నీ చూపించమని. టైలర్లకీ యూనిఫారాలకీ ఫలితాలు ఉంటాయి కాబట్టి ఈసారి సున్నా రాలేదు. అరవై నాలుగు వచ్చాయి. ఆ అరవై నాలుగూ ఆయన ఒక్కొక్కటీ తెరిచి చూశాడు, వరసగా, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. నేను కూడా ఆయన వెనకే ఒక్కొక్కటీ తెరిచాను. ఎక్కడా అక్క లేదు. ఉండదని తెలుసు. అయినా అరవై నాలుగోది మూశాకే కుర్చీలోంచి లేచాను.

మూడో వారంలో పాప పేరు వచ్చింది. పేరు, బొమ్మల పోటీ, మొదటి బహుమతి.

నాలుగేళ్లయినా ఆయనకి గుర్తుంది, పిల్ల చేతిలో పెన్సిలు ఉంటే గోడ కనపడనివ్వదని. పోటీల ఫోటోలు ఊరి పేపర్లలో వేస్తారని, పేర్లు కింద రాస్తారని, ఆ పేపర్లు మా సైటులోకి వస్తాయని లెక్క వేసుకున్నాడు. నేనైనా సరిగ్గా అలాగే వెతుకుతాను.

సరిగ్గా ఆ వారమే ఇంకొకటి జరిగింది. మా లైబ్రరీలో కింద హాల్లో సెలవుల బొమ్మల క్లాసు నడుస్తోంది, పాప అందులో చేరింది. ఊరి పేపరు ఫోటోగ్రాఫరు వచ్చి పిల్లలందర్నీ రెండు వరసలుగా నిలబెట్టి ఫోటో తీసుకుపోయాడని నాకు తెలియదు. గురువారం పేపరు నా బల్ల మీదకొచ్చింది. రెండో వరసలో ఎడమ చివర మా పాప, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. నాలుగేళ్లలో పిల్ల ఎలా మారిందో ఆయనకి తెలియదు. ఈ ఫోటో చేతికి చిక్కితే ఏ ఊళ్లోనైనా చూపించి అడగొచ్చు. ఫోటోని పెట్టి ఫోటోని వెతికే వీలు కూడా ఉంది ఈ రోజుల్లో. పేజీని స్కాన్ చేయకుండా అడుగు సొరుగులో పెట్టి తాళం వేశాను.

"ఆ గురువారం పేజీ ఎక్కలేదేమ్మా?" అని సారు అడిగారు.

"మసకగా వచ్చింది సార్. మళ్లీ చెయ్యాలి."

ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం అది. సారు నా మొహం ఒకసారి చూసి వెళ్లిపోయారు. కింద హాల్లో కనపడిన పాపకి చెప్పడం అంతకన్నా కష్టమైంది. "పిన్నీ, నా ఫోటో మీ కంప్యూటర్లో వస్తుందా?"

"రాదు."

"అందరివీ వస్తాయిగా! నేనేం చేశాను?"

ఏమీ చెయ్యలేదమ్మా అన్నాను. ఆ సాయంత్రం నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. చెప్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కానీ అప్పుడు అదెంత తెలివైనదిగా కనపడిందో కూడా చెప్పాలి. ఆయన వెతుకుతున్నాడు కాబట్టే ఆగడం లేదు. ఏదో ఒకటి దొరికితే ఆగుతాడు. మా నలభై ఊళ్లలో పడమటి కొసన ఒకటుంది, మాకు రెండు రోజుల దూరం. ఆ ఊళ్లో ఆమె ఉన్నట్టు ఒక్క ఫోటో దొరికితే చాలు, జన్మంతా అక్కడే తిరుగుతాడు.

అక్కతో అంటే సూదిలో దారం ఎక్కిస్తూ వింది. "వద్దు" అంది.

"ఎందుకు వద్దు?"

"దొరకలేదని చెప్తోంది కదా నీ పెట్టె. చెప్పనీ. లేనిపోనిది నువ్వెందుకు చెప్పడం?"

"ఆయన ఊరుకోడక్కా. పాప పేరు దాకా వచ్చాడు. ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో ఒకచోట తగులుతుంది."

"తగిలినప్పుడు చూద్దాం. నువ్వు మాత్రం దాని జోలికి పోకు."

సరే అన్నాను. మంగళవారం పొద్దున ఆ పని చేశాను. పడమటి ఊరి నుంచి వచ్చిన పాత ఫోటోల్లోంచి మహిళల కుట్టు కేంద్రం ఫోటో ఒకటి తీశాను, మొహాలు తెలియనిది. కింద మూడేళ్ల కిందటి తేదీ వేసి, బడి యూనిఫారాలు కుడుతున్న సభ్యులు, ఎడమ నుంచి మూడవవారు అని అక్క పూర్తి పేరు రాశాను. ఎక్కించి, ఆయనలా వెతికి చూసుకున్నాను. మొదటి ఫలితంగా వచ్చింది. ఇంత తెలివి నాకుండగా నాలుగేళ్లు అనవసరంగా భయపడ్డామనుకున్నాను.

బుధవారం ఆ పేజీని ఒక్కరు చూశారు. బాణం నొక్కితే ఆయన ఊరే. ఇరవై ఆరు నిమిషాలు తెరిచి ఉంచాడు. గురువారం జాబితాలో ఆయన లేడు. అంటే బయల్దేరాడు! సాయంత్రం ఇంటికి వెళ్తూ ముగ్గురికీ ఐస్‌క్రీములు కొన్నాను.

"ఏంటే ఈ హుషారు?" అంది అక్క.

"ఎండలు కదా" అన్నాను. పాప తనది తినేసి నాది సగం తినేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ముగ్గురం కలిసి గట్టిగా నవ్వాం. దేనికో గుర్తు లేదు.

శుక్రవారం పదకొండు గంటలకి నెల లెక్క తీస్తున్నాను. ఏ పేజీ ఎంతమంది చూశారు, ఏ గడి ఎన్నిసార్లు వాడారు. సారుకి ఇవ్వాల్సిన కాగితం. అడ్వాన్స్‌డ్ సెర్చ్, చేర్చిన తేదీ అన్న వరుస దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అందులో ఒకటి అని ఉంది.

ఆ నెల నేను వాడలేదు.

ఫోటో కింద నేను వేసిన తేదీ మూడేళ్ల కిందటిది. సైటులోకి చేర్చిన తేదీని మాత్రం కంప్యూటరే తనంతట తను వేస్తుంది, నా చేతిలో లేదు. ఆ గడిలో మంగళవారం అని ఉంటుంది. ఎవరూ వాడని గడి కదా, పెట్టించిన నాకే గుర్తు రాలేదు. నెల రోజులు అడుగుతుంటే లేనిది, అడిగిన మర్నాడో మూడోనాడో పుట్టుకొచ్చిందంటే, అడిగేది ఎవరో కూర్చుని చదువుతున్నారనే కదా అర్థం. చదివేవాళ్లెక్కడుంటారో ప్రతి పేజీ అడుగునా ఉంది. నిర్వహణ, మా లైబ్రరీ, వీధి, మేడ మీద గది.

జాబితా తెరిచాను. ఆ పొద్దున తొమ్మిదీ పదికి ఒక వరుస చేరింది.

+తేదీ +చూడమన్నారుగా +మేడమ్

ఎదురుగా ఫలితాలు సున్నా. బాణం నొక్కాను. రైళ్లు మారే జంక్షన్ ఊరు. అక్కడి నుంచి ఒక దారి పడమటికి పోతుంది, ఇంకోటి మా ఊరికి. మా ఊరికి ఆరు గంటలు.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు విన్నాను, పడేసింది నేనేనని తర్వాత తెలిసింది. ఎండలో చెప్పుల్లో కాళ్లు సరిగ్గా పెట్టుకోకుండానే ఇంటిదాకా పరిగెత్తాను. అక్క నా మొహం చూసి మిషను మీద గుడ్డ కప్పింది. ఉన్నదంతా చెప్పాను, ఫోటో సంగతితో సహా.

"వద్దని చెప్పానా నీకు?" అంది. ఆ ఒక్క మాటే. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

సంచీ మేకు మీంచి దించింది. పాప బట్టలు నాలుగేళ్ల కిందటివి అందులో, ఇప్పుడు చేతి రుమాలుకి కూడా పనికిరావు. అవి తీసేసి ఇప్పటివి కుక్కింది. ఒంటిగంట బస్సుకి అరగంట ఉంది.

"ఎక్కడికి?" అన్నాను.

"నీకు చెప్పను."

"నేనెవరికి చెప్తానక్కా?"

"ఎవరికీ చెప్పవు. కానీ వెతుకుతావు. రెండు రోజులు బలవంతాన ఊరుకుంటావు. మూడో రోజు, పాప ఎలా ఉందో ఏమో ఒక్కసారి చూద్దామని ఏదో ఒకటి నొక్కుతావు. నీ చెయ్యి ఊరుకోదే. ఆయన చెయ్యీ ఊరుకోదు."

ఆయనతో కలిపి అన్న ఆ మాట నిజమే.

గోడ వారగా మడతలు పెట్టిన చొక్కాల దొంతర చూపించింది. "ముప్పై రెండు. కాజాలు అయిపోయాయి, బొత్తాలు కుట్టాలి. బళ్లు తెరిచేలోపు ఇచ్చెయ్. మాట పోకూడదు."

"నాకు బొత్తం కుట్టడం రాదు."

"ఫోన్‌ని అడుగు పిన్నీ, చెప్తుంది" అంది పాప, ఫోన్ నా చేతిలో పెడుతూ. దానికి ఇదేదో ప్రయాణమని సరదాగా ఉంది. మెట్లు దిగాక వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు మాత్రం నవ్వలేదు. బస్టాండు దాకా రావద్దంది అక్క. ఏ బస్సెక్కారో నాకు తెలియకూడదని.

మూడున్నరకి కొన్ని చొక్కాలు పట్టుకెళ్లి లైబ్రరీలో నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎక్కడికైనా పారిపోతే ఆయన ఇల్లు వెతుకుతాడు, ఇక్కడుంటే నన్ను చూస్తూ కొంతసేపు ఆగుతాడని. నాలుగవుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తొందర లేదు వాటిలో. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా దువ్విన తల. కాస్త లావయ్యాడు. గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చా అని అడిగాడు.

"మేడమ్, బాగున్నారా?"

పెళ్లయ్యాక కూడా నన్ను మరదలా అని పిలవలేదు ఎప్పుడూ. మేడమ్ అనే అనేవాడు, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు.

"ఆమె ఇక్కడ లేదు" అన్నాను.

"తెలుసు మేడమ్. ఉంటే మీరిలా కూర్చోరు." బల్ల మీదున్న చొక్కా ఒకటి తీసి, భుజం దగ్గర కుట్టు వేలితో తడిమి చూశాడు. "ఈ కుట్టు ఆమెదే. బొత్తాలు?"

"నేను కుడుతున్నాను."

"మీకు రాదుగా."

"నేర్చుకుంటున్నాను."

చొక్కాని మడత చెడకుండా యథాస్థానంలో పెట్టాడు. "మీరు చెప్పిన ఐదింటిలో ఇప్పుడు నాలుగు సరిగ్గా పనిచెయ్యట్లేదు మేడమ్. ఎక్కడ కొట్టినా అడగనివి చూపిస్తున్నాయి. ఐదోది మాత్రం బాగా పనిచేసింది." తర్వాత కింద చదువుకునే హాల్లో కాసేపు కూర్చోవచ్చా అని అడిగాడు. లైబ్రరీ అందరిదీ. వద్దనే అధికారం నాకు లేదు.

పదకొండు రోజులు కూర్చున్నాడు. తెరిచే వేళకి వచ్చేవాడు, మూసే వేళకి నా వెనక ఇరవై అడుగుల దూరంలో మా వీధి చివరిదాకా వచ్చి ఆగేవాడు. పోలీసులకి ఫోన్ చేస్తే, ఏమన్నాడమ్మా అని అడిగారు. ఏమీ అనలేదు. ఏం చేశాడు? పేపరు చదువుతున్నాడు. సారు మొదటి రోజే పైకొచ్చి "ఎవరమ్మా ఆయన?" అన్నారు. మా బావ అని చెప్పాను. చెప్పిన తీరులో ఏం కనపడిందో, మర్నాటి నుంచి తన కుర్చీ మోయించుకుని నా గదిలోకొచ్చి గుమ్మానికి ఎదురుగా వేసుకున్నారు. కింద ఉక్కపోతగా ఉందన్నారు. ఫ్యాను ఉన్నది కిందే.

నాలుగో రోజు ఆయన ఈ ఎండాకాలం పేపర్ల ఫైలు అడిగాడు. సొరుగులో నేను దాచింది నా బల్ల మీదకొచ్చిన కాపీ. కింద హాల్లో ఇంకో కాపీ ఉంటుందని, దాన్ని ఎవరైనా చేత్తో తిప్పి చూస్తారని నాకు తట్టనే లేదు. సెర్చ్ బాక్సులో లేనిది లోకంలో లేదనుకునే జబ్బు నాక్కూడా అంటుకుందన్నమాట. గంట తర్వాత సారు కిందకి వెళ్లి వచ్చారు.

"గురువారంది ఒక షీటు లేదని అడుగుతున్నాడు. ఎవరో చించుకుపోయారండీ, జనం అలా తయారయ్యారు అని చెప్పాను" అన్నారు పేపరు విప్పుకుంటూ. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఆ మనిషి పుస్తకం మూల మడతపెట్టిన వాళ్లని కూడా క్షమించలేదు. నేను కళ్లు తుడుచుకుంటుంటే చూడనట్టు కూర్చున్నారు.

పన్నెండో రోజు ఆయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సెలవు అయిపోయింది మేడమ్. వెళ్తున్నా."

నేను సూదిలో దారం ఎక్కిస్తూ ఉన్నాను.

"వెతకడం ఇక్కణ్నుంచే చెయ్యాలని లేదుగా" అని, సారుకి కూడా నమస్కారం పెట్టి దిగిపోయాడు.

పడమటి ఊరి ఫోటోని అదే రోజు తీసేశాను. ముప్పై రెండు చొక్కాలకీ బొత్తాలు కుట్టాను. మొదటి పది వంకరగా వచ్చాయి, విప్పి మళ్లీ కుట్టాను. రెండు వేళ్లకి పొడుచుకుంది. ఫోన్‌ని అడగలేదు. కొట్టు పక్కనుండే ముసలామెని అడిగితే దారం చివర ముడి ఎలా వెయ్యాలో పట్టుకుని చూపించింది. వానలు మొదలైన వారంలో బళ్లు తెరిచారు. చొక్కాలు ఇచ్చేసి వచ్చి ఖాళీ మిషను ముందు కూర్చుని ఏడ్చాను. నా తెలివి మీద నాకు అసహ్యం వేసింది. అక్క లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పటిదాకా బొత్తాల పని తెలియనివ్వలేదు.

ఆ తర్వాతి సోమవారం జాబితా తెరిచాను. టీ పక్కనే ఉంది. మొదటి వరుసలోనే అక్క పూర్తి పేరు, కొటేషన్ గుర్తుల్లో. ఆయన పని మొదలుపెట్టాడు మళ్లీ. దాని ఎదురుగా సున్నా. తర్వాత ఎవరిదో ఇంటి పటం, ఎవరిదో పదో తరగతి ఫోటో, వాన తగ్గుతుందా అని ఒకటి.

ఆయన వరుసకి నాలుగు వరుసల కింద ఇలా ఉంది.

బొత్తాలు కుట్టావా

ప్లస్సులు లేవు, కొటేషన్లు లేవు. అక్క జన్మలో ఆ బాక్సులో ఒక్క అక్షరం కొట్టి ఎరగదు. ఎవరి ఫోనో అడిగి పుచ్చుకుని ఉంటుంది. నేను తప్ప ఎవరూ చదవని జాబితా ఒకటుందని ఆమెకి చెప్పింది నేనే. ఎదురుగా సున్నా. అంటే ఆమె అడిగిన వెంటనే నా వాక్యమే ఆమెకి కనపడి ఉంటుంది, క్షమించండి కూడా లేకుండా.

కుట్టాను అక్కా అని ఎక్కడైనా ఒక్క ముక్క పెడితే, ఆమె మళ్లీ వెతికినప్పుడు దొరుకుతుంది. దానికి కంప్యూటరు ఒక తేదీ కూడా వేస్తుంది. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆ వరుస పక్కన బాణం ఉంది. నొక్కితే ఊరు తెలుస్తుంది. పాప ఏ ఊళ్లో బడికి వెళ్తోందో, అక్కడా వాన పడుతోందో లేదో, అన్నీ ఒక్క నొక్కుకి తెలుస్తాయి. సారు ఎదురు కుర్చీలో పేపరు తిప్పుతున్నారు. నా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

టీ చల్లారాక ఆ వరుసని బాణం జోలికి పోకుండా చెరిపేశాను. మిగిలినదాంట్లో పైన ఆయన వరుస, దాని ఎదురుగా సున్నా. దొరకలేదని చెప్పింది కదా పెట్టె. చెప్పనీ అనుకున్నాను.